చిన్న ఇంజిన్ క్రూజర్ లాగుతుందా? 160 నుంచి 650 దాకా ఏ బండి ఎవరికి

క్రూజర్, అంటే కాళ్లు ముందుకు చాచి నిటారుగా కూర్చునే మోటార్‌సైకిల్, కొనాలని మనసులో పడ్డ దగ్గర్నుంచి ఒక ప్రశ్న వెంటపడుతుంది. బండి చూస్తే పొడుగ్గా, బరువుగా ఉంది. ఇంజిన్ చూస్తే 160, 220, మహా అయితే 350. ఇద్దరెక్కితే లాగుతుందా? హైవే మీద లారీ దాటాలంటే పికప్ ఉంటుందా? షోరూంలో అడిగితే "సూపర్ లాగుతుంది సార్" అంటారు. 650 నడిపే స్నేహితుణ్ణి అడిగితే "కాస్త ఆగి పెద్దది తీసుకో, లేకపోతే ఏడాదికే అమ్మేస్తావ్" అంటాడు. మీరు ఏ రోడ్డు మీద, ఎంత స్పీడులో, ఎంత బరువుతో తిరుగుతారో ఈ ఇద్దరిలో ఎవరూ అడగలేదు. అది తెలియకుండా పవర్ సరిపోతుందో లేదో చెప్పడం కుదరదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సీసీ చూసి క్రూజర్ కొనకండి. మీరు గంటల తరబడి పట్టే స్పీడు ఎంత, అప్పుడు బండి మీద బరువు ఎంత, ఆ స్పీడు దగ్గర ఇంజిన్‌లో ఇంకా ఎంత మిగిలి ఉంది, ఈ మూడూ చూసి కొనండి. చేతిలో మిగిలే ఆ పవరే ఓవర్‌టేక్ చేయిస్తుంది, ఎదురుగాలిని తట్టుకుంటుంది, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు గేరు మార్చే పని తప్పిస్తుంది. ఈ లెక్క ప్రకారం మన రెండు రాష్ట్రాల్లో తిరిగే ఎక్కువమందికి 350 సీసీ క్రూజర్ చాలు. 160 ఊళ్లో తిరగడానికి చాలు, హైవేకి చాలదు. 650 లాంటివి నిజంగా అవసరమయ్యేవాళ్లు ఉన్నారు గానీ, కొనేవాళ్లందరూ వాళ్లలో లేరు.

గాలి ఎంత తింటుంది

చదును రోడ్డు మీద బండికి అసలు శత్రువు గాలి. క్రూజర్ మీద మనం నిటారుగా, చేతులు చాచి, కాళ్లు ముందుకు పెట్టి కూర్చుంటాం. స్పోర్ట్స్ బండి మీదలా ట్యాంకు మీదికి వంగే వీలు లేదు. ఛాతీ మొత్తం గాలికి అడ్డం. విండ్‌స్క్రీన్ పెట్టిస్తే ఒంటికి హాయిగా ఉంటుంది గానీ, ఇంజిన్‌కి దక్కే మేలు తక్కువ.

స్పీడు పెరిగేకొద్దీ గాలిని చీల్చడానికి కావాల్సిన పవర్ స్పీడు ఘనం చొప్పున పెరుగుతుంది. అంటే గంటకు 80 కిలోమీటర్ల నుంచి 100కి వెళితే స్పీడు పావు వంతే పెరిగింది, గాలి అడిగే పవర్ మాత్రం దాదాపు రెట్టింపవుతుంది. నిటారుగా కూర్చున్న మామూలు సైజు మనిషి, మధ్యరకం క్రూజర్ అనుకుని లెక్కగడితే, గాలికీ టైర్ల రాపిడికీ కలిపి 80 దగ్గర 7 హార్స్‌పవర్, 100 దగ్గర 12, 110 దగ్గర 16, 120 దగ్గర 20 దాకా కావాలి. ఇవి ఉజ్జాయింపు అంకెలే. మనిషి ఒళ్లు, జాకెట్, సైడ్ బ్యాగులు బట్టి కాస్త అటూ ఇటూ అవుతాయి.

ఇప్పుడు రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 తీసుకోండి. కంపెనీ చెప్పే పవర్ 6,100 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర 20.2 బీహెచ్‌పీ (ఇంజిన్ దగ్గర కొలిచే హార్స్‌పవర్). గేర్లూ చెయినూ కొంత తినేశాక వెనక చక్రానికి 18 దాకా అందుతుందనుకుందాం. 80లో వెళ్తుంటే ఇంకా 11 చేతిలో ఉంది. 100లో ఉన్నప్పుడు 6 మిగులుతుంది. 110 దగ్గర రెండే. ఆ బండి 110, 115 దాటి ఎందుకు కదలదో, 80 దగ్గర ఎందుకంత తీరిగ్గా ఉంటుందో ఈ ఒక్క లెక్కతో అర్థమైపోతుంది. మరీ ముఖ్యమైన సంగతి ఎదురుగాలి. ఒంగోలు, నెల్లూరు మధ్య జాతీయ రహదారి 16 మీద గంటకు 15 కిలోమీటర్ల గాలి ఎదురొచ్చిందంటే, 100లో వెళ్లే బండికి 12 కాదు, 15 పైనే కావాలి. అంతదాకా మామూలుగా పోయిన 350 అక్కడ ఒక్కసారిగా నీరసపడ్డట్టు అనిపిస్తుంది. ఇంజిన్‌కి ఏ జబ్బూ లేదు, మిగులు కరిగిపోయిందంతే.

బజాజ్ అవెంజర్ స్ట్రీట్ 160కి ఇదే లెక్క కడితే చక్రానికి 13 అందుతుంది. 80 దగ్గర 6 మిగులు, 100 దగ్గర ఒకటి. అందుకే అది హాయిగా తోలాలంటే 70, 75 బండి. రాయల్ ఎన్‌ఫీల్డ్‌దే పెద్ద క్రూజర్ సూపర్ మీటియర్ 650కి 100 దగ్గర కూడా 28, 29 మిగిలి ఉంటాయి. ఆ తేడా పిడికిలి కొంచెం తిప్పగానే తెలిసిపోతుంది, దాన్ని తక్కువ చేసి చెప్పే ఉద్దేశం నాకు లేదు.

సమాన పవర్, సమానం కాని బళ్లు

కంపెనీలు ప్రకటించిన అంకెలతో ఒక పట్టిక వేశాను. టార్క్ అంటే ఇంజిన్ తిప్పే బలం. నడిపేవాళ్లు 75 కిలోలు, వెనక కూర్చున్నవాళ్లు 70, సామాను 20 అనుకుని, ఒక్కో బీహెచ్‌పీ ఎన్ని కిలోలు మోయాలో చివరి రెండు గడుల్లో ఉంది. ఎంత తక్కువైతే అంత చురుకు.

| బండి | పవర్ (బీహెచ్‌పీ) | టార్క్ (న్యూటన్ మీటర్లు) | బండి బరువు | ఒక్కరే ఉంటే | ఇద్దరు, సామాను |
|---|---|---|---|---|---|
| అవెంజర్ స్ట్రీట్ 160 | 14.8 | 13.7 (7,000 ఆర్‌పీఎం) | 156 కిలోలు | 15.6 | 21.7 |
| అవెంజర్ క్రూజ్ 220 | 18.8 | 17.55 (7,000) | 163 | 12.7 | 17.4 |
| మీటియర్ 350 | 20.2 | 27 (4,000) | 191 | 13.2 | 17.6 |
| కవాసాకి ఎలిమినేటర్ | 44.4 | 42.6 (6,000) | 176 | 5.7 | 7.7 |
| సూపర్ మీటియర్ 650 | 46.3 | 52.3 (5,650) | 241 | 6.8 | 8.8 |

రెండో వరసా మూడో వరసా పక్కపక్కన పెట్టి చూడండి. 220, 350 బరువు లెక్కలో దాదాపు సమానం. ఒక్కరే ఉంటే 220యే పిసరంత మేలు కూడా. మరి "350కి ఉన్న గుంజుడు 220కి లేదు" అని రెండూ నడిపినవాళ్లందరూ ఎందుకంటారు?

జవాబు టార్క్ పక్కనున్న ఆర్‌పీఎంలో ఉంది. మీటియర్ ఇంజిన్‌లో బోర్ (సిలిండర్ వెడల్పు) 72 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 85.8. పిస్టన్ పైకీ కిందికీ ఎక్కువ దూరం తిరిగే పొడుగు స్ట్రోక్ ఇంజిన్ అది. అవెంజర్ 220ది పల్సర్ 220 వంశం. బోర్ 67, స్ట్రోక్ 62.4. వేగంగా తిరగడానికి కట్టిన ఇంజిన్. 4,000 ఆర్‌పీఎం దగ్గర మీటియర్ 15 బీహెచ్‌పీ ఇచ్చేస్తుంది. అదే 4,000 దగ్గర అవెంజర్ 220, దాని గరిష్ఠ టార్క్ మొత్తం అక్కడే దొరికిందనుకున్నా, 10 దాటలేదు. అవెంజర్‌లో పవర్ లేకపోలేదు, అది పైన 7,000, 8,500 దగ్గర దాక్కుని ఉంది. దాన్ని అందుకోవాలంటే ఒక గేరు దించి, ఇంజిన్‌ని గట్టిగా అరిపించాలి.

కొందరికి ఇది సమస్యే కాదు. పల్సర్, అపాచీ నడిపి వచ్చినవాళ్లకి గేరు దించి లాగించడం చేతికి అలవాటే. కానీ క్రూజర్ కొనేవాళ్లలో చాలామంది కోరుకునేది దానికి వ్యతిరేకం. టాప్ గేరులో పడేసి, పక్కన పొలాలు చూసుకుంటూ, ఎక్సలరేటర్ ఒక్కదానితోనే స్పీడు పెంచుతూ తగ్గిస్తూ పోవాలని వాళ్ల కోరిక. ఆ మనిషికి 220 చీటికీమాటికీ గేరు అడుగుతుంది, 350 అడగదు. క్రూజర్ విషయంలో బీహెచ్‌పీ కంటే ముందు టార్క్, టార్క్ కంటే ముందు అది ఎన్ని ఆర్‌పీఎంల దగ్గర వస్తుందో చూడమని నేను చెప్పేది అందుకే.

ఘాట్ రోడ్డు భయం

"తిరుమల ఎక్కుతుందా? శ్రీశైలం ఘాట్ ఎక్కుతుందా?" కొనేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. నిజానికి అంత భయపడాల్సిన పని లేనిదీ ఇదే. 110 సీసీ స్కూటర్లు ఇద్దరిద్దర్ని ఎక్కించుకుని తిరుమల ఘాట్ రోజూ ఎక్కుతూనే ఉన్నాయి.

ఘాట్‌లో మనం వెళ్లే స్పీడు తక్కువ, కాబట్టి గాలి లెక్కలోకే రాదు. ఇద్దరూ సామానూ కలిపి మీటియర్ మొత్తం 356 కిలోలు. నూరు మీటర్లకు ఏడు మీటర్లు లేచే ఎగువ మీద గంటకు 40 కిలోమీటర్లతో ఎక్కడానికి దానికి 5, 6 హార్స్‌పవర్ సరిపోతుంది. అంత పవర్ అవెంజర్ 160లోనూ ఉంది. శ్రీశైలం దారిలో ఈగలపెంట దాటాక డ్యామ్ దాకా దిగి, లింగాలగట్టు నుంచి సున్నిపెంట వైపు మళ్లీ పైకి తిరిగే మలుపులున్నాయి కదా, అక్కడ ఇబ్బంది పడేవాళ్లని గమనించండి. మలుపు ముందు బ్రేకు కొట్టి 20కి వస్తారు, గేరు మాత్రం మూడోదే ఉంచుతారు. మలుపు తిరగ్గానే ఎక్సలరేటర్ తిప్పితే ఇంజిన్ దడదడలాడుతుంది, బండి ముందుకు పోదు. "చూశావా, లాగట్లేదు" అంటారు. మలుపులోకి వెళ్లకముందే రెండో గేరు వేసుకుంటే అదే బండి నిశ్శబ్దంగా ఎక్కేస్తుంది. టార్క్ కిందే దొరికే 350లో ఈ పొరపాటుకి కొంత మన్నింపు ఉంది, 160లో లేదు. తేడా అంతవరకే.

ఘాట్‌లో క్రూజర్‌కి పవర్ కంటే పెద్ద ఇబ్బందులు వేరే ఉన్నాయి. బండి పొడుగు, ఫుట్‌పెగ్‌లు కిందికి ఉంటాయి. మలుపులో ఎక్కువ వంచితే పెగ్ రోడ్డుకి గీసుకుంటుంది. కాళ్లు ముందుకు ఉండటంతో గుంత వచ్చినప్పుడు పెగ్‌ల మీద లేచి నిలబడలేం, దెబ్బ నేరుగా నడుముకి తగులుతుంది. దిగేటప్పుడు బ్రేకులు. అవెంజర్ 220కి ముందు డిస్క్, వెనక డ్రమ్, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ముందు చక్రానికే. మీటియర్‌కి రెండు చక్రాలకీ డిస్కు, రెంటికీ ఏబీఎస్. భార్యాపిల్లల్నో, అమ్మనో వెనక కూర్చోబెట్టుకుని ఘాట్ దిగే మనిషికి ఈ తేడా పవర్ తేడా కంటే విలువైనదని నా గట్టి నమ్మకం.

లదాఖ్ కల ఉన్నవాళ్లకి ఒక మాట. ఖర్దుంగ్ లా లాంటి 5,300 మీటర్ల పైచిలుకు ఎత్తులో గాలి సాంద్రత మన దగ్గరున్నదాంట్లో అరవై శాతం కూడా ఉండదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్రోలు పాళ్లు సరిచేస్తుంది గానీ, లేని ఆక్సిజన్‌ని తేలేదు. 20 బీహెచ్‌పీ ఇంజిన్ అక్కడ 11, 12కి పడిపోతుంది. అయినా ఆ దారుల్లో స్పీడు 20, 30 కాబట్టి మొదటి రెండు గేర్లలో 350 నెట్టుకొస్తుంది. ఇద్దరెక్కి, నిండా సామాను కట్టుకుంటే మాత్రం 160తో వెళ్లొద్దు.

అసలు పరీక్ష: రెండు లైన్ల రోడ్డు మీద లారీ

చిన్న ఇంజిన్ నిజంగా ఎక్కడ తేలిపోతుందంటే డివైడర్ లేని స్టేట్ హైవే మీద. ముందు లారీ 50లో పోతోంది. దాని వెనక కొంత ఎడం, దాని పొడవు, దాటాక మళ్లీ ఎడమకి రావడానికి కొంత ఎడం, మొత్తం కలిపి లారీ కంటే మీరు 45 మీటర్లు ఎక్కువ ప్రయాణించాలి. ఓవర్‌టేక్‌లో మీ స్పీడు సగటున 70 ఉంటే దానికి 8 సెకన్లు పడుతుంది. ఎదురుగా కారు 80లో వస్తోందనుకోండి, ఆ 8 సెకన్లలో మీరూ ఆ కారూ కలిపి 330 మీటర్లకు పైగా మింగేస్తారు. మీ సగటు స్పీడు 80 అయితే ఐదున్నర సెకన్లు, 240 మీటర్లు. ఆ 90 మీటర్ల తేడా మీదే ఓవర్‌టేక్ క్షేమంగా అవుతుందా, గుండె నోట్లోకి వస్తుందా అన్నది ఉంటుంది.

కాబట్టి 50 నుంచి 80కి బండి ఎంత త్వరగా అందుకుంటుందన్నదే ప్రశ్న. 650కి మూడో నాలుగో గేరులో పిడికిలి తిప్పితే చాలు. 350 ఒక్కరితో అయితే గేరు దించి చక్కగా అందుకుంటుంది. ఇద్దరితో కాస్త ముందే ప్లాన్ చేసుకోవాలి. లారీ వెనక మరీ దగ్గరికి పోకుండా ఎడం ఉంచుకుని, రోడ్డు ఖాళీ కాగానే ఆ ఎడంలోనే స్పీడు అందుకుని, పక్కకి వచ్చేసరికే 75లో ఉండాలి. 220తో కూడా ఇదే పద్ధతి, కాకపోతే ఇంజిన్ అరుపు ఎక్కువ. 160 మీద ఇద్దరుండగా ఒక్కో బీహెచ్‌పీ దాదాపు 22 కిలోలు మోస్తోంది. ఆ బండితో ఈ పని అలవాటుగా చేయకండి. రోజూ అలాంటి రోడ్డు మీద ఇద్దరితో ప్రయాణం ఉన్నవాళ్లు 160 అస్సలు తీసుకోవద్దు.

నాలుగు లైన్ల రోడ్ల మీద పరిస్థితి వేరు. 2018లో కేంద్ర రవాణా శాఖ డివైడర్ ఉన్న నాలుగు లైన్ల రోడ్ల మీద మోటార్‌సైకిళ్లకు పెట్టిన గరిష్ఠ వేగం 80. హైదరాబాద్ ఓఆర్‌ఆర్ మీదికి టూవీలర్లను రానివ్వనే రానివ్వరు. హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు. ఏకబిగిన 85లో వెళ్లినా, 110లో వెళ్లినా కాగితం మీద తేడా ముప్పావు గంట లోపే. టోల్ ప్లాజాల దగ్గర జనం, సర్వీస్ రోడ్డు నుంచి ఎదురుగా వచ్చే ట్రాక్టర్లు, ఒక టీ కలిపితే ఆ ముప్పావు గంటలో సగం కూడా మిగలదు. 80, 85లో 350 ఊపిరి ఆడక కొట్టుకునే బండి కాదు.

ఎవరికి ఏది

రోజూ ఆఫీసుకి 20, 30 కిలోమీటర్లు, ఎప్పుడైనా పక్క ఊరు, ఎత్తు అయిదడుగుల రెండు మూడంగుళాలు, బడ్జెట్ గట్టిగా ఉంది అంటే అవెంజర్ బాగుంటుంది. 220 సీటు ఎత్తు 737 మిల్లీమీటర్లు. రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనతాయి. 163 కిలోలే కాబట్టి అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో వెనక్కి తోసుకోవడం సుఖం. అవెంజర్ పేరుతో బజాజ్ 2005 నుంచీ బళ్లు అమ్ముతోంది, ఏ ఊళ్లోనైనా ఆ ఇంజిన్ విప్పగలిగే మెకానిక్ దొరుకుతాడు. 160, 220 మధ్య ఊగిసలాడేవాళ్లకి నా సలహా ఒక్కటే, 220. ఊరు దాటే ఉద్దేశం ఏమాత్రం ఉన్నా 160 చాలదు. షోరూంలో ఏ వేరియంట్ దొరుకుతోందో ముందు ఫోన్ చేసి కనుక్కోండి. సెకండ్ హ్యాండ్‌లో 220లు బాగానే దొరుకుతాయి. అక్కడ చెయిన్ సెట్, ఫోర్క్ ఆయిల్ సీళ్లు, చల్లని ఇంజిన్ స్టార్టయ్యే తీరు చూసుకోండి. మీరు వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉంటే, చల్లారేదాకా ఆగి అప్పుడు స్టార్ట్ చేయండి.

వారంలో అయిదు రోజులు ఊళ్లో, నెలకో రెండు నెలలకో ఒకసారి 300, 400 కిలోమీటర్లు, అందులో సగం సార్లు ఇద్దరు అంటే మీటియర్ 350. నేను ఎక్కువమందికి చెప్పేది ఇదే. 2020 నవంబరులో వచ్చింది, థండర్‌బర్డ్ స్థానంలో. పాత థండర్‌బర్డ్ 350లో పవర్ 19.8 బీహెచ్‌పీ, టార్క్ 28. కాగితం మీద కొత్తదానికి పెద్ద తేడా లేదు. కానీ కొత్త ఇంజిన్‌లో వణుకు తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్ట్ పెట్టారు. పాతది 80 దాటితే హ్యాండిల్‌లోనూ పెగ్‌ల్లోనూ వచ్చే వణుక్కే మనిషి స్పీడు తగ్గించేసేవాడు. కొత్తది 90 దాకా అలా విసిగించదు. 20 బీహెచ్‌పీలో ఎంత వాడుకోగలం అన్నది ఇలాంటివాటి మీద కూడా ఆధారపడుతుంది. 15 లీటర్ల ట్యాంకు, లీటరుకి 32 నుంచి 36 దాకా మైలేజీ అంటే హైదరాబాద్ నుంచి విశాఖకి దారిలో ఒక్కసారి పోయించుకుంటే చాలు.

ఇదే ధరలో హోండా హైనెస్ సీబీ 350 కూడా చూస్తారు. 3,000 ఆర్‌పీఎంకే 30 న్యూటన్ మీటర్లు, 181 కిలోలు, గుంజుడు చక్కగా ఉంటుంది. కానీ అది రోడ్‌స్టర్. సీటు 800 మిల్లీమీటర్ల ఎత్తు, కాళ్లు ముందుకు రావు. నడుం నొప్పి ఉండి క్రూజర్ కావాలనుకునేవాళ్లు కొనేముందు గంటసేపైనా కూర్చుని చూడాలి. జావా 42 బాబర్ 334 సీసీలోనే 30 పీఎస్ (బీహెచ్‌పీకి దాదాపు సమానమైన కొలత) దగ్గర ఇస్తుంది, ఈ గుంపులో చురుకైనది. ఒంటరి సీటు బండి. ఇంట్లో ఇంకో బండి ఉన్నవాళ్లకే.

ఇక పెద్దవి. ఎలాంటి మనిషి 350తో అసంతృప్తి పడతాడంటే, నాలుగు లైన్ల మీద 100 పైన గంటలకొద్దీ పట్టేవాడు, మనిషీ వెనక మనిషీ ఇద్దరూ 85, 90 కిలోలు దాటినవాళ్లు, నెలనెలా బెంగళూరు, చెన్నై ఇద్దరితో వెళ్లొచ్చేవాళ్లు. వీళ్లు 350 కొంటే ఆ స్నేహితుడు చెప్పినట్టు ఏడాదికే అమ్ముకునే అవకాశం నిజంగా ఉంది. సూపర్ మీటియర్ 650 వాళ్ల బండి. 100లో కునుకు తీస్తున్నట్టు ఉంటుంది, మిగులు కొల్లలు. దానికి చెల్లించే మూల్యం బరువు. 241 కిలోలు, మీటియర్ 350 మీద పాతిక కిలోల బియ్యం బస్తాలు రెండు అదనంగా కట్టినంత. అమీర్‌పేటలో సాయంత్రం ఆరింటికి ఆ బండిని క్లచ్ మీద అంగుళం అంగుళం జరపడం, కాళ్ల దగ్గర ఇంజిన్ వేడి, మిట్ట మీద పార్క్ చేసి వెనక్కి లాగడం రోజూ ఉండేవి. హైవే నెలకొకసారే అయితే ఆ రోజువారీ కష్టం లెక్కలో పైకొస్తుంది. మైలేజీ కూడా 22 నుంచి 26 మధ్యే.

కవాసాకి ఎలిమినేటర్ విచిత్రమైన బండి. పవర్ 650కి దగ్గరగా, బరువు 350 కంటే తక్కువగా ఉంటుంది. సీటు 735. 2024 జనవరిలో మన దగ్గరికి వచ్చినప్పుడు షోరూం ధరే 5.62 లక్షలు. ఆ డబ్బుకి సూపర్ మీటియర్ కొని లక్ష పైన మిగుల్చుకోవచ్చు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి చోట్ల తప్ప సర్వీస్ దగ్గర్లో ఉండదు కూడా. దూరాభారం ఉన్న జిల్లా వాసులకి నేను చెప్పను.

350 గీత దగ్గర డబ్బు

2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్‌టీ మారింది. 350 సీసీ దాకా బళ్లకి 28 శాతం నుంచి 18కి దిగింది. 350 దాటినవాటికి సెస్సుతో కలిపి 31 ఉన్నది 40 అయింది. మీటియర్ ఇంజిన్ 349 సీసీ, గీతకి ఇవతల. 440, 450, 650 అన్నీ అవతల. దాంతో 350కీ 650కీ మధ్య దూరం ఇంతకు ముందు కంటే బాగా పెరిగింది. ఇప్పుడు ఒకటి షోరూం ధర 2 లక్షలకి కాస్త అటూ ఇటూ, రెండోది 4 లక్షల దరిదాపుల్లో. లైఫ్ ట్యాక్స్ ధర మీద శాతంగా పడుతుంది కాబట్టి ఆ తేడా ఆన్‌రోడ్‌లో ఇంకా పెరుగుతుంది.

ఇన్సూరెన్స్‌లోనూ అదే గీత. 2022లో ఖరారైన రేట్ల ప్రకారం కొత్త బండికి అయిదేళ్ల థర్డ్ పార్టీ ప్రీమియం 150 నుంచి 350 సీసీ వరకు 7,365 రూపాయలు, 350 దాటితే 15,117. టైర్లు, సర్వీస్ ఖర్చు కూడా 650కి ఎక్కువే. రెండు లక్షల తేడాతో మంచి హెల్మెట్లు రెండు, జాకెట్లు, బూట్లు కొనుక్కుని ఏళ్ల తరబడి పెట్రోలు కూడా పోయించుకోవచ్చు. 350తో సర్దుకోగలిగే మనిషి 650కి ఈఎంఐ కట్టడం నాకు బాధగా అనిపిస్తుంది.

350 కొని సైలెన్సర్ మార్చి పవర్ పెంచుకుందామనే ఆలోచన ఉంటే మానేయండి. శబ్దం పెరుగుతుంది, పవర్‌లో చెప్పుకోదగ్గ తేడా రాదు, పోలీసులు పట్టుకుంటే ఫైన్ కూడా. స్ప్రాకెట్ (చెయిన్ తిరిగే పళ్ల చక్రం) మార్చినా అంతే. కింద పికప్ పెంచితే పైన స్పీడు పోతుంది, పైన పెంచితే కింద పోతుంది. కొత్తగా పవర్ ఎక్కడినుంచీ రాదు.

టెస్ట్ రైడ్ ఇలా చేయండి

షోరూం చుట్టూ ఒక రౌండు కొట్టడం టెస్ట్ రైడ్ కాదు. రేపు మీ వెనక ఎవరు కూర్చుంటారో వాళ్లనే తీసుకెళ్లండి. నాలుగో గేరులో 40 దగ్గర ఉండి, గేరు దించకుండా ఎక్సలరేటర్ మెల్లగా తిప్పండి. దడదడ లేకుండా 60కి పాకితే ఆ ఇంజిన్ మీ తీరుకి పనికొస్తుంది. తర్వాత ఫ్లైఓవర్ మొదట్లో ఆగి ఇద్దరితో పైకి ఎత్తండి, క్లచ్ ఎంతసేపు సగంలో పట్టుకోవాల్సి వచ్చిందో చూసుకోండి. విశాఖలో ఉన్నవాళ్లకి సింహాచలం కొండ రోడ్డు ఇంకా మంచిది. వీలైతే డివైడర్ ఉన్న రోడ్డు మీద పది నిమిషాలు 80లో పట్టి, అద్దంలో వెనక బండి స్పష్టంగా కనిపిస్తోందా, వణుకుతోందా గమనించండి. వెనక కూర్చున్నవాళ్లని దిగాక అడగండి, నడుముకి ఆనుడు ఉందా, కాళ్లు ఎక్కడ పెట్టుకున్నారు అని. చాలా ఇళ్లల్లో క్రూజర్ ప్రయాణాలు ఆగిపోయేది వెనక సీటు వల్లే, ఇంజిన్ వల్ల కాదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఈ లెక్క అట్లాగే వర్తించదు. అక్కడ ఇంటర్‌స్టేట్ మీద ట్రాఫిక్ మొత్తం 70, 75 మైళ్లలో, అంటే 113 నుంచి 120 కిలోమీటర్లలో పోతుంది. ఆ స్పీడు దగ్గర 20 బీహెచ్‌పీ బండికి మిగులు సున్నా. పక్కన పద్దెనిమిది చక్రాల ట్రక్కు ఉండగా అలాంటి బండి మీద ఉండటం ప్రమాదం. హోండా రెబెల్ 300 ఊళ్లో నేర్చుకోవడానికి మంచిదే గానీ, రోజూ ఇంటర్‌స్టేట్ ఎక్కే పని ఉంటే రెబెల్ 500 నుంచి మొదలుపెట్టడమే సరి. బ్రిటన్‌లో ఏ2 లైసెన్సు మీద ఉన్నవాళ్లకి హద్దు 35 కిలోవాట్లు. సూపర్ మీటియర్ 650 ఆ హద్దులోపలే ఉంది, కాబట్టి అక్కడ చిన్నదానితో సరిపెట్టుకోవాల్సిన అవసరమే లేదు.

కొత్త బండి ఇంటికి తెచ్చాక మొదటి వారంలోనే పవర్ మీద తీర్పు ఇచ్చేయకండి. మీటియర్‌కి మొదటి సర్వీస్ 500 కిలోమీటర్లకో 45 రోజులకో, ఏది ముందైతే అది. రన్నింగ్-ఇన్‌లో, అంటే కొత్త ఇంజిన్ సర్దుకునే మొదటి రోజుల్లో, ఇంజిన్ బిగువుగా ఉంటుంది, ఆర్‌పీఎం ఎక్కువ పెంచొద్దని మాన్యువల్‌లోనే ఉంటుంది. ఆయిల్ మార్చాక, ఇంకో వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఇద్దరితో ఒకసారి మీ మామూలు దారిలో వెళ్లి చూడండి. అప్పటికీ ప్రతి ఓవర్‌టేక్‌కీ చాలట్లేదనిపిస్తే, ముందు చెయిన్ బిగువు, టైర్లలో గాలి, వెనక బ్రేకు పట్టేసి ఉందేమో చూపించుకోండి. అవన్నీ బాగుండి కూడా తీరు అలాగే ఉంటే, మీరు 650 కొనాల్సిన మనిషే.